ఎనిమిది మంది చాలు

పన్నెండో పెన్సిల్ చెక్కుతుండగా సగం బ్లేడు జారి బొటనవేలు తెగింది. ఆమె వేలు నోట్లో పెట్టుకుని, రెండో చేత్తో పెన్సిల్ మొన చూసుకుంది. బాగానే వచ్చింది. పన్నెండింటినీ బల్లల మీద సర్ది, నల్లబల్లను తడిగుడ్డతో తుడిచి, పైన తేదీ వేసింది. గుండ్రటి అక్షరాలు. ఇరవై ఆరేళ్లుగా అవే అక్షరాలు, అచ్చు పోసినట్టు.

బస్సు డిపో వెనక, టైర్ల గోదాము గోడకు ఆనుకుని ఉన్న గది అది. ఒక కిటికీ, ఆరు బల్లలు, తిరిగినంతసేపూ టకటకమనే పంకా. ఎంత కడిగినా రబ్బరు వాసన పోదు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా, డిపోలో పనిచేసేవాళ్లు వచ్చి కూర్చుంటారు. చదవడం, రాయడం, కూడికలు, తీసివేతలు, చివర్లో అరగంట ఇంగ్లీషు. బోర్డులు చదవడం, ఫారాలు నింపడం వస్తే చాలు వాళ్లకు. ఆమెను టీచరమ్మ అంటారు.

పెళ్లి కుదిరి తప్పిపోయిన సంవత్సరం ఈ పనిలో చేరింది. అప్పట్నుంచీ అన్న ఇంట్లో ఉంటోంది. వరండా చివర తడిక కట్టిన మూల ఆమెది. ఆ ఇంట్లో ఆమెను ఎవరూ ఏమీ అనరు. ఏమీ అడగరు కూడా. పళ్లెం పెట్టేటప్పుడు వదిన కాస్త చప్పుడు చేస్తుంది, అంతే. ఆ రోజు పొద్దున మాత్రం వదిన నోరు విప్పింది. గది మూసేస్తారట కదా, ఇక ఇంటిపట్టున పడి ఉంటే మనవల్ని ఎత్తుకునే మనిషి దొరికినట్టవుతుందని అంది. ఆమె చేతులు కడుక్కుని బయల్దేరింది.

మూసేస్తారని ఇంకా తేలలేదు. నెల కిందట ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. పన్నెండు మందిలో ఎనిమిది మంది పాసైతే గది ఉంటుంది. లేకపోతే గోదాముకు ఇచ్చేస్తారు. ఆ ఉత్తరాన్ని ఆమె సొరుగులో పెట్టి తాళం వేసింది. ఇంట్లో అన్నకు చెప్పింది గానీ, చదువుకునేవాళ్లకు చెప్పలేదు. చెప్పడమంటే, నా కోసం పాసవ్వండని అడగడం. ఒకరి ముందు చెయ్యి చాచడం ఆమెకు చిన్నప్పట్నుంచీ చేతకాదు. దానికి అభిమానమని పేరు పెట్టుకుంది. పేరు ఏదైతేనేం, నోరు పెగలలేదన్నది నిజం. పైగా అవసరమూ కనబడలేదు. పన్నెండు మందిలో పదకొండు మందికి చదువు వచ్చు.

వాళ్లకు చెప్పింది ఒక్కటే. బాగా రాయండి, పాసైనవాళ్లకు సర్టిఫికెట్టు ఇస్తారు, ఇక వచ్చి ఈ రబ్బరు కంపులో కూర్చోవాల్సిన ఖర్మ ఉండదు. గదిలో ఎవరూ కిమ్మనలేదు. పరీక్షంటే భయం కాబోలు అనుకుంది.

రెండు గంటలకు వాళ్లు వచ్చారు. ముందు బస్సులు కడిగే అక్క. చిన్నా పెద్దా లేకుండా డిపో మొత్తానికి ఆమె అక్కే. వెనక రేడియో. అరవై దాటిన వాచ్‌మన్, నోరు మూతపడదు కనక ఆ పేరు. ఆ వెనక గూడ్సుబండి. మూటలు మోసే మనిషి, నడిచినా రాసినా ఒకటే నెమ్మది.

"ఏం గూడ్సూ, ఇవాళైనా టైముకి స్టేషను చేరతావా?" అన్నాడు రేడియో.

"నువ్వు ముందు బ్యాటరీ తీసేసి కూచో."

అందరూ నవ్వారు. అవసరమైనదాని కన్నా కాస్త ఎక్కువే నవ్వారు. ఆమె పట్టించుకోలేదు.

ఆఫీసు నుంచి వచ్చినతను ఇస్త్రీ చొక్కాలో, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని కాగితాలు పంచాడు. చదివి జవాబులు రాయడం ఒక పేజీ, లెక్కలు ఒక పేజీ, ఇంగ్లీషు ఫారం ఒక పేజీ. పరీక్షప్పుడు టీచరు బల్లల మధ్య తిరగకూడదని రూలు. ఆమె కిటికీ దగ్గర నిలబడింది. పెన్సిళ్లు కదులుతున్నాయి. రబ్బర్లు ఇంకా ఎక్కువ కదులుతున్నాయి. జాగ్రత్త పడుతున్నారు, మంచిదే అనుకుంది.

గంటన్నర తర్వాత అతను కాగితాలు తీసుకుని ఆమె బల్ల మీద పెట్టి, మేనేజరు సంతకానికి వెళ్లాడు. వాళ్లు బయటికి పోయారు. అక్కకు ఇంకా రెండు బస్సులు మిగిలి ఉన్నాయి.

ఆ కాగితాలు ముట్టుకోకూడదు. ముట్టుకుంది.

పైన రేడియోది. దినపత్రికలో పెళ్లి ప్రకటనలు కూడా వదలకుండా చదివి వినిపించే మనిషి, మొదటి పేజీ మొత్తం ఖాళీగా వదిలేశాడు. గూడ్సు ఇంగ్లీషు ఫారంలో పేరు రాయాల్సిన చోట అడ్డగీత గీశాడు. ఆ పేరు ఇంగ్లీషులో రాయడానికి అతనికి ఏడు నెలలు పట్టింది. వచ్చిన రోజున సంతోషం పట్టలేక డిపో గోడ మీద బొగ్గుతో రాసి, సూపర్‌వైజరు చేత తిట్లు తిన్నాడు.

ఆమె కుర్చీలో కూర్చుంది. అక్క రాసిన కాగితం తీసింది. ఒక బస్సులో ముప్ఫై ఎనిమిది మంది, ఇంకో బస్సులో నలభై ఏడుగురు, మొత్తం ఎంత? డెబ్బై అయిదని ఉంది. ఆమె ఆ కాగితాన్ని కిటికీ వెలుగుకు ఎత్తిపట్టింది. కింద చెరిపిన అంకె కనిపించింది. ఎనభై అయిదు. ముందు సరిగ్గా వేసి, తర్వాత చెరిపి, తప్పు వేసింది. దాని కింది లెక్కా అంతే. ఆ కిందిదీ అంతే.

పాసైతే రానక్కర్లేదని చెప్పింది తనే. వీళ్లకు పోవడం ఇష్టం లేకపోయింది. రోజుకు రెండు గంటలు కూర్చోవడానికి ఒక బల్ల, తమను మనుషుల్లో లెక్కేసి తిట్టే ఒక మనిషి. అవి వదులుకోలేక, అందరూ కూడబలుక్కుని తప్పారు.

లెక్క చూసుకుంది. ముగ్గురు పాసవుతారు. పోయిన నెలలో చేరినవాళ్లు, చిన్నప్పుడు కొంత బడి మొహం చూసినవాళ్లు. ఈ గది మీద వాళ్లకింకా మమకారం పుట్టలేదు. ఇంకా అయిదుగురు కావాలి. అంకెలు దిద్దుదామంటే లెక్కలొక్కటే చాలవు, మూడు పేజీల్లోనూ మార్కులు రావాలి.

పెన్సిల్ తీసింది. ఇరవై ఆరేళ్లలో ఎవరి చెయ్యీ పట్టి రాయించలేదు. వంకరో టింకరో నీ రాత నీదే కావాలి అనేది. ఇప్పుడు రేడియో ఖాళీ పేజీలో మొదటి జవాబు రాసి చూసుకుంది. నల్లబల్ల మీది అక్షరాలే. తలకట్టు తలకట్టు చోట, ఒత్తు ఒత్తు చోట. చెరిపి, వంకరగా రాసింది. ఆ వంకర కూడా వరస తప్పలేదు. ఎడమ చేత్తో రాస్తే పిచ్చిగీతలు వచ్చాయి. రేడియో అంతకన్నా బాగా రాస్తాడు. మళ్లీ చెరుపుతుంటే కాగితం చిరిగింది.

తలెత్తేసరికి ఆఫీసతను గుమ్మంలో ఉన్నాడు.

"ఇవ్వండి మేడం," అన్నాడు. "ఇది నేను చూడలేదనుకోండి. పెద్దవారు."

అప్పుడు అడిగింది ఆమె. బతుకులో మొదటిసారి అడిగింది. వాళ్లకు వచ్చు, కావాలనే తప్పు రాశారు, ఒక్కసారి లోపలికి పిలిచి చదివించండి బాబూ అంది. ప్రతి సెంటర్లోనూ ఇదే మాట వింటున్నానని, కాగితం మీద ఉన్నదే తను చూడాలని అతనన్నాడు. అక్క రాసిన కాగితాన్ని వెలుగుకు పెట్టి, చెరిపిన అంకెలు చూపించింది.

"చెరిపింది ఎవరో నాకెలా తెలుస్తుంది మేడం?"

అతని చూపు ఆమె ఒళ్లో ఉంది. చీర కుచ్చిళ్ల నిండా రబ్బరు పొట్టు.

అతను కాగితాలన్నీ తిరగేసి, మార్కులు లెక్కేసి, సంచిలోంచి అచ్చు కాగితం తీసి, ఖాళీలో తేదీ వేసి, తలుపు బయటి వైపు అంటించాడు. గది తాళంచెవి అడిగి తీసుకుని వెళ్లిపోయాడు.

ఆమె బయటికి వచ్చేసరికి మెట్ల దగ్గర అందరూ ఉన్నారు. అక్క బస్సు దగ్గర్నుంచి తడి చేతులతో పరుగున వచ్చింది. విడిదింట్లో దిగిన పెళ్లివారిలా ఉన్నారు.

"మా ఘనకార్యం చూశారా టీచరమ్మా?" అన్నాడు రేడియో. "అందరికన్నా పెద్ద సున్నా నాదే."

"సోమవారం నుంచి మళ్లీ మొదట్నుంచీ చెప్పండి," అంది అక్క. "ఒక్కళ్లం కూడా ఎక్కడికీ పోం."

 ఆమె తలుపు దగ్గరికి లాగి మూసింది. కాగితం వాళ్ల వైపు తిరిగింది.

అక్క దగ్గరికి వెళ్లి, వరుస కింద వేలు పెట్టి, పైకి చదివింది. ఇక్కడ చేరినవారికి తగినంతగా చదవడం, రాయడం రాలేదని పరీక్షలో తేలినందున ఈ కేంద్రాన్ని నేటి నుంచి మూసివేస్తున్నామని, గదిని టైర్ల గోదాముకు అప్పగిస్తున్నామని ఉంది. తేదీ చదివింది. కింద ఉన్న అధికారి హోదా కూడా చదివింది. ఎక్కడా తడుముకోలేదు. అంతా అయ్యాక గానీ అర్థం బుర్రకెక్కలేదు.

"చదవడం రాలేదంట మనకి," అన్నాడు గూడ్సు నెమ్మదిగా.

రేడియో ఏమీ మాట్లాడలేదు.

"ముందే ఒక్క మాట చెప్పకపోయారా టీచరమ్మా," అంది అక్క. "ఒక్క మాట."

"అడగలేకపోయాను," అంది ఆమె. చెప్పులు వేసుకుంది. మెట్టు దిగబోతూ ఆగి, "బాగా చదివావు," అంది.

ఎవరూ ఆమె వెంట రాలేదు. ఆమె వెనక్కి తిరగలేదు. డిపో గేటు దాటి, స్టాపులో బస్సు ఆగి ఉన్నా ఎక్కకుండా, ఎండలో నడుచుకుంటూ పోయింది. ఆ వైపు ఆమెను మళ్లీ చూసినవాళ్లు లేరు.

తలుపు మీద కాగితం మిగిలింది. ప్రతి వరుస కిందా తడి వేలు లాగిన చార, ఎక్కడా ఆగకుండా, ఈ చివర నుంచి ఆ చివరికి.