ఎడమచేతి ముడి

బోర్లాపడిన ఎడ్లబండి కింద నుంచి ఒక మనిషి కాళ్లు రెండు మాత్రం బయటికి కనబడుతున్నాయి, వాటి మీద వాన దబదబా కురుస్తోంది.

ముందు నడుస్తున్న సోమేశ్వరరావు ఠక్కున ఆగిపోయాడు. వెనక వస్తున్న ముగ్గురూ ఒకరి మీద ఒకరు పడబోయి నిలదొక్కుకున్నారు. ఎడ్లు రెండూ పక్క పొలంలో తమకేమీ తెలియనట్టు గడ్డి మేస్తున్నాయి. అంతలో ఆ కాళ్లలో కుడిది మెల్లగా లేచి, ఎడమ పిక్క మీద పాకుతున్న జలగను గోకింది.

"బతికే ఉన్నాడు," అంది ఆదిలక్ష్మి.

సోమేశ్వరరావుకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే గుండెలో రాయి పడింది. ఇప్పుడిక్కడ ఆగితే అతని కొబ్బరికాయ పోయినట్టే.

కొబ్బరికాయ అంటే మామూలు కొబ్బరికాయ కాదు. దసరా మొదటి రోజున అమ్మవారి గుడిలో తొలికాయ కొట్టడం బరంపురం పట్టుబట్టల వర్తకులలో పెద్ద మర్యాద. మూడు తరాలుగా ఆ కాయ సోమేశ్వరరావు ఇంటివాళ్లే కొడుతున్నారు. ఈ ఏడు దానికి అతని బావ, అంటే భార్య ఆదిలక్ష్మి అన్న వైకుంఠరావు అడ్డొచ్చాడు. పోయిన కార్తీకంలో రంభ దగ్గరి కొండ శిఖరాన, చిలికా సరస్సంతా కనబడే చోట, అమ్మవారి పేర మణుగు బరువున్న కంచు గంట ఒక్కడే మోసుకెళ్లి కట్టి వచ్చాడట. ఇంత పుణ్యం చేసినవాణ్ణి పక్కన పెట్టి తాతలనాటి హక్కంటే ఎలా అని సగం బజారు అతని వైపు తిరిగింది. గంటను కళ్లతో చూడందే ఒప్పుకోనని సోమేశ్వరరావు భీష్మించాడు.

వర్తకుల పెద్ద తాతారావు మధ్యేమార్గం చెప్పాడు. అందరూ కలిసి కొండెక్కాలి. గంట ఉంటే కాయ వైకుంఠరావుది, లేకపోతే సోమేశ్వరరావుది. ఎక్కకుండా తిరిగొస్తే మాత్రం గంట కట్టానన్న వైకుంఠరావు మాటే చెల్లుతుంది. ఏదైనా ఆ సాయంత్రమే గుడిలో పేరు చదివేస్తారు. ఇటు మొగుణ్ణీ అటు అన్ననీ కూడా నమ్మనని చెప్పి ఆదిలక్ష్మి పులిహోర గిన్నెతో తయారైంది. నలుగురూ తొలి రైలుకు రంభలో దిగి రెండు కోసుల దూరం బురదలో నడిచారు. సాయంత్రం రైలు అందాలంటే పది గంటలకల్లా కొండ మొదలుకు చేరాలి. తాతారావు జేబు గడియారంలో అప్పుడు తొమ్మిదిన్నర.

అందరికంటే ముందు నోరు విప్పినవాడు వైకుంఠరావే. ఇది అపశకునమని, ముగ్గురూ వెనక్కి తిరిగి రైలెక్కేయమని, ఈ పేదవాణ్ణి తానొక్కడే లేవదీసి రంభ చేరుస్తానని అన్నాడు. ఆదిలక్ష్మి అన్నను ఎగాదిగా చూసింది. ఎంగిలిచేత్తో కాకిని తోలని మనిషికి ఇంత దయ ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చిందో ఆమెకు అంతుపట్టలేదు.

"బాబూ, ఎవులండి?" బండి కింద నుంచి గొంతు వచ్చింది. "నా పేరు కొండలండి. కాలు ఇరుక్కుపోనాది. కూసింత ఎత్తండి."

లోపల ఎవరి సామానుందని సోమేశ్వరరావు అడిగాడు.

"అది సెప్పకూడదండి. మాటిచ్చేను."

కాలు విరిగినా మాట విరగని మనిషని తాతారావు మెచ్చుకున్నాడు. వైకుంఠరావు మాత్రం ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాడు.

సోమేశ్వరరావు కొండ వైపు చూశాడు. మబ్బు పొరల మధ్య శిఖరం ఒక్క క్షణం కనబడి మాయమైంది. ఈ దారిన ఇంకెవరో ఒకరు వస్తారు, మనం నడుద్దాం అనేస్తే సరిపోతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కిందకి చూస్తే జలగ మళ్లీ ఆ పిక్క మీదకే పాకుతోంది.

"మావయ్యా, గొడుగు మూసి ఈ పక్క పట్టండి," అన్నాడు తాతారావుతో. "బావా, నువ్వాపక్క."

పక్కన పడున్న కాడిమానును చక్రం కింద దూర్చి ముగ్గురూ బలమంతా పెట్టారు. బండి జానెడు లేచింది. లోపలెక్కడో 'ఖణ్' మంది. సరిగ్గా అప్పుడే వైకుంఠరావుకు దగ్గు వచ్చింది. పట్టు జారింది, బండి కూలబడింది. రెండోసారి ఎత్తారు. మళ్లీ 'ఖణ్', మళ్లీ దగ్గు. ఈసారి దగ్గుకూ చప్పుడుకూ మధ్య ఎడం బొత్తిగా లేదు. ఎడ్ల మెడ గంట అయి ఉంటుందని సోమేశ్వరరావు అనుకున్నాడు. ఎడ్లు అంత దూరాన పొలంలో ఉన్నాయన్న సంగతి ఆ కష్టంలో అతనికి తట్టలేదు. మూడోసారి బండి పక్కకు ఒరగ్గానే ఆదిలక్ష్మి కొండలు చంకల కింద చేతులు వేసి ఒక్క లాగు లాగింది. ఆ ఊపుకు ఇద్దరూ బురదలో కూలబడ్డారు.

మోకాలు గుమ్మడికాయంత వాచింది. కొండలు తలపాగానే చింపి ఆదిలక్ష్మి కట్టు కట్టింది. తర్వాత పులిహోర పెట్టింది. వాడు మూడు దొప్పలు తిని, నాలుగోదానికి మొహమాటపడ్డాడు. అంతా అయ్యేసరికి పదీ ముప్పావు. తాతారావు గడియారం మూసి జేబులో వేసుకున్నాడు. ఆ మూత చప్పుడు వినగానే సోమేశ్వరరావుకు తాత గుర్తొచ్చాడు. ఆయన కాయ కొడితే రెండు చెక్కలూ తూచినట్టు సమంగా పడేవి. ఇక మన ఇంటికి ఆ మర్యాద లేదు, పోనీ అనుకుని, కొండలును పడుకోబెట్టేందుకు బండిలోంచి జారిన గడ్డిని దగ్గరకు లాగాడు.

గడ్డి అడుగున గోనెపట్టా చుట్టిన బరువైన మూట ఒకటి తగిలింది. దాని ముడి మీద అతని చెయ్యి పడింది, పడి అక్కడే ఆగిపోయింది.

బరంపురంలో ఒక్కో పట్టు కొట్టుకు ఒక్కో ముడి. మూట మదరాసులో దిగినా కటకంలో దిగినా, చీటీ తడిసి అక్షరాలు చెరిగిపోయినా, ముడి చూసి కొట్టు పేరు చెప్పేసేవారు. ఈ ముడి మూడు మెలికలతో ఎడమకు తిరిగింది. వైకుంఠరావు తాతది ఎడమచేతివాటం. మనవడిది కుడిచెయ్యే అయినా, చిన్నప్పుడు తాత పక్కన కూర్చుని నేర్చిన ముడి చేతిని వదల్లేదు. దొంగతనానికి వెళ్లినా అతను ఆ ముడే వేస్తాడు.

సోమేశ్వరరావు ముడి విప్పి పట్టా తొలగించాడు. కొత్త కంచు గంట వానకు తళతళా మెరిసింది. ఒక్కసారి కదిపాడు. ఖణ్ మంది. ఈసారి ఎవరికీ దగ్గు రాలేదు.

"ఒరే వైకుంఠం," అన్నాడు తాతారావు నెమ్మదిగా, "శిఖరం మీద గంటకి బండిలో ఏటి పనిరా?"

కొండలు కంగారుగా, తాను మాత్రం నోరు జారలేదని అందరూ సాక్ష్యమని వైకుంఠరావుతో మొరపెట్టుకున్నాడు. వైకుంఠరావు బండి చక్రం మీద చతికిలబడి, తడిసిన కండువాతో ముఖం తుడుచుకుని చెల్లెలి వైపు చూశాడు.

"సెప్పేస్తానే అమ్మాయ్. గంట కొన్న మాట నిజం. కార్తీకంలో ఈ కొండ కిందకి వచ్చిన మాటా నిజం. తలెత్తి పైకి సూసేను, కళ్లు తిరిగేయి. ఇక్కడే కూకుని మీ వదిన కట్టిచ్చిన గారెలన్నీ తినేసి, ఇంటికెల్లిపోయి గంటని బియ్యం గాదిలో దాసేసేను. ఎవరో అడిగితే, కొండ దగ్గర కట్టేనన్నాను, అంతే. బజారు సివరికి ఎల్లేసరికి ఆ మాట సగం కొండెక్కింది. తాతారావు మావయ్య అరుగు మీదకొచ్చేసరికి శిఖరం మీద మోగిపోతోంది. దింపడానికి నాకు నోరు రాలేదు. మీరంతా సూడ్డానికి బయల్దేరతారని తెలిసి, రైల్లో రంభకి పంపించి, మనకంటే ముందే పైకి ఎక్కించి కట్టెయ్యమని ఈ కొండలుకి సెప్పేను. వానలో తొందరపెట్టింది నేనే. ఆడి కాలికొచ్చిన కష్టం నా మూలానే, ఆస్పత్రిదాకా ఆడిని నా ఈపు మీదే మోస్తాను. బావా, కాయ నువ్వే కొట్టు. ఆడినొదిలేసి ముందుకెల్లిపోతావనుకున్నాను, ఎల్లలేదు. నాకొకటే కోరిక, నువ్వు కాయ కొడతన్నప్పుడు ఈ గంట గుళ్లో మోగాలి. అక్కడైతే అందరికీ కనబడతాది, మళ్లీ ఎవులూ నన్ను కొండకి తీసుకురారు."