ఐరేని కుండలో రాజా

కాళ్ల పారాణి ఆరకముందే సంతోషికి సవతి పోరు మొదలైంది. ఆ సవతి పిడికెడంత ఉంటుంది. ఒళ్లంతా ఆకుపచ్చ, మొహం నారింజ రంగు, పేరు రాజా. మొగుడు మహిపాల్ ముద్దుగా పెంచుకుంటున్న లవ్‌బర్డ్.

నాచారం ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి మహిపాల్ ఇంట్లో అడుగుపెట్టగానే రాజా అతని భుజమెక్కేది. సంతోషి చాయ్ గ్లాసుతో దగ్గరికొస్తే చాలు, మెడ చాచి మీదికి దూకేది. ఒకనాడు ఆమె చెవి తమ్మె కొరికి పట్టుకుని వేలాడింది. రక్తం జాకెట్ మీదికి కారింది. మహిపాల్ పిట్టను విడిపించి, ముందు దాని తల నిమిరాడు.

"చిన్న పాణం, దానికేం తెలుసు. నువ్వే జర సర్దుకో," అన్నాడు.

"ఇన్నొద్దులు ఎవ్వల్ని ముట్టలే. నువ్వొచ్చినంకనే గిట్లయింది బిడ్డా, నిన్ను జూస్తె ఓర్వదు," అంది అత్త సారలమ్మ.

ఆ మాటే సంతోషికి కంటి మీద కునుకు లేకుండా చేసింది. నిజంగానే పిట్ట పెళ్లి తర్వాతే మారింది. అయితే ఆ పెళ్లితో ఇంటికొచ్చింది కోడలొక్కతే కాదు. కుమ్మరింటి నుంచి డప్పులతో తెచ్చిన ఐరేని కుండలూ వచ్చాయి. సున్నపు చుక్కలు పెట్టిన ఆ పెళ్లి కుండల్లో అన్నిటికన్నా చిన్నదాన్ని సారలమ్మ పంజరంలో కట్టింది. కోడలికి అర్ర ఇచ్చినప్పుడు దానికీ ఓ ఇల్లుండొద్దా అని ఆమె జాలి. రాజా పేపర్లు చీల్చి, తోక దగ్గరి ఈకల్లో దోపుకుని కుండలోకి మోసుకుపోతుంటే ఇంటిల్లిపాదీ ముచ్చటపడ్డారు. పంజరం కడిగే పని మాత్రం కొత్త కోడలి నెత్తిన పడింది.

ఆషాఢం వచ్చింది. అత్తాకోడళ్లు ఒకే గడప దాటకూడదు కాబట్టి సంతోషి చెంగిచెర్లలోని పుట్టింటికి పోవాలి. మరి పిట్టనెవరు చూస్తారు? మహిపాల్‌కు ఓవర్‌టైం. సారలమ్మేమో పంజరంలో చెయ్యి పెట్టనంది.

"నేను తీస్కపోత," అంది సంతోషి.

మహిపాల్ మొహం వెలిగిపోయింది. అది చూసి ఆమెకు కడుపు మండింది. తన మనసులో ఉన్నది వేరు. ఉప్పల్‌లో పక్షులమ్మే దుకాణం ఉంది. పంజరంతో సహా అక్కడ ఇచ్చేసి, ఎగిరిపోయిందని చెబితే పీడ విరగడవుతుంది. దారిలో పగులుతుందని సారలమ్మ కుండను విప్పి ఇంట్లో దాచింది. సంతోషి పంజరం ఒళ్లో పెట్టుకుని ఆటో ఎక్కింది.

దారి పొడవునా మనసు ఒక చోట నిలవలేదు. ఇచ్చేస్తే మొగుడి మొహం ఎలా చూడాలి? ఇవ్వకపోతే రెండో చెవైనా మిగులుతుందా? ఉప్పల్‌లో మెట్రో పిల్లర్లు దాటగానే దుకాణం కనబడింది.

"అన్నా, ఈడ జర ఆపు."

దిగబోతూ పంజరం పట్టుకుంది. తొందరలో వేళ్లు తీగల్లోంచి లోపలికి పోయాయి. అయిపోయిందనుకుని కళ్లు మూసుకుంది. రాజా కొరకలేదు. కుదుపులకు బెదిరి వణుకుతూ తల తెచ్చి ఆమె వేలికి ఆనించింది. సంతోషికి తన మీద తనకే సిగ్గేసింది.

"దిగుతవా చెల్లె?" అన్నాడు ఆటో అతను.

"వద్దన్నా, పోనియ్యి."

చెంగిచెర్లలో రాజా ఎవరినీ కొరకలేదు. సంతోషి అరచేతిలో కొర్రలు తిన్నది, ఆమె తల్లి కొప్పు మీద ఊగింది. అందరూ నవ్వుతుంటే సంతోషికి మాత్రం లోపల ముల్లు గుచ్చుకున్నట్టే ఉండేది. ఇక్కడ లేని కోపం ఆ ఇంట్లో ఎందుకు? తప్పు నిజంగా తనలోనే ఉందా?

శ్రావణం రాగానే మహిపాల్ పెళ్లాన్ని తీసుకుపోవడానికి వచ్చాడు. ఒక చేతిలో మిఠాయి డబ్బా, ఇంకో చేతిలో తువ్వాలులో చుట్టిన ఐరేని కుండ.

"ఇల్లు లేక ఎంత బెంగటిల్లిందో పాపం," అంటూ కుండను పంజరంలో కట్టాడు. రాజా లోపల దూరి మళ్లీ బయటికి రాలేదు. సాయంత్రం బయలుదేరేముందు, ఆటోలో పగలకుండా కుండను విప్పుదామని మహిపాల్ చెయ్యి పెట్టాడు. పిట్ట కుండలో ఉండగా అతను పంజరంలో చెయ్యి పెట్టడం అదే మొదలు.

రాజా అతని బొటనవేలు పట్టింది. విదిలించినా వదల్లేదు. నెత్తురు నేల మీద చుక్కలు పడ్డాయి.

"దీన్ని ఎవలకన్న ఇచ్చేద్దాం పా," అన్నాడు మహిపాల్, నొప్పికి పళ్లు బిగబట్టి.

సంతోషి తువ్వాలు వేసి పిట్టను విడిపించింది. కుండను విప్పి తల్లి చేతికిచ్చింది. రాజా కాసేపు అటూ ఇటూ తిరిగి, సద్దుమణిగి నీళ్లు తాగింది. తన గుండె మీది నుంచి బండ దిగినట్టయింది సంతోషికి.

"అది నన్ను ఓర్వలేక కాదు. దాని పాణమంత గా కుండల ఉంది. రోజు దాంట్ల చెయ్యి పెట్టింది నేను. అందుకే నేనంటె పగ."

మహిపాల్ వేలు చూసుకున్నాడు. తర్వాత, మొదటిసారి, ఆమె చెవి తమ్మె మీది నల్ల మచ్చ చూశాడు.

"నీకు గూడ గిట్లనే నొచ్చిందా?"

ఈ ఒక్క మాట కోసమే ఆమె ఇన్నాళ్లూ కాచుకుంది. తీరా అడిగాక సంతోషం కలగలేదు, ఏడుపు తన్నుకొచ్చింది.

"గిట్లనే," అంది. "నువ్వు ముందుగాల దాని తల నిమిరినవు."