మెట్లెక్కితే వచ్చే పన్నునొప్పి

దర్జీ అక్కకి యాభై మూడేళ్లు. ఆమె కొట్టు రెండో అంతస్తులో ఉంది. నెల రోజులుగా మెట్లెక్కుతుంటే ఎడమ దవడ లాగేస్తోంది. కుర్చీలో కూలబడి రెండు గుక్కల నీళ్లు తాగితే తగ్గిపోతోంది. పాడు పన్ను పీకించేస్తే పీడా పోతుందనుకుని, చెల్లెల్ని వెంటబెట్టుకుని పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లింది.

డాక్టరమ్మ ఒక్కో పన్నూ తట్టి చూసింది.

"పళ్లన్నీ గట్టిగానే ఉన్నాయే! నొప్పి ఎప్పుడొస్తుంది?"

"మెట్లెక్కుతుంటే. బట్టల మూట మోసినా వస్తుంది."

"కూర్చుంటే?"

"ఇట్టే పోతుంది."

డాక్టరమ్మ చేతిలోని చిన్న అద్దం పక్కన పెట్టేసింది. "ఇది పన్నునొప్పి కాదండీ. గుండెనొప్పి ఒక్కోసారి దవడలో తెలుస్తుంది. ఇప్పుడే పెద్దాసుపత్రికి వెళ్లండి. నడిచి మాత్రం వెళ్లకండి."

వాళ్లమ్మ ఈ వయసులోనే "కాస్త ఆయాసంగా ఉందే" అంటూ మంచం అంచున కూర్చుంది. మళ్లీ లేవలేదు. అది ఇద్దరికీ గుర్తొచ్చింది.

ఆటోలో చెల్లెలు "నీకేం కాదక్కా" అంటూనే ఉంది. అక్కని పట్టుకున్న ఆమె చెయ్యి మాత్రం మంచుగడ్డలా ఉంది.

ఆసుపత్రిలో వెంటనే చేర్చుకున్నారు. మర్నాడు పొద్దున మణికట్టులోంచి గుండె దాకా సన్నని గొట్టం పంపి, నాళాలు తెరమీద కనిపించేలా మందు ఎక్కించారు. తెరమీద రక్తనాళాలు నల్లటి కొమ్మల్లా కదిలాయి. ఒకచోట కొమ్మ దారప్పోగంత సన్నబడిపోయింది.

"గుండెకి రక్తం తీసుకెళ్లే నాళం ఇది," అన్నాడు గుండె డాక్టరు. "లోపల కొవ్వు పేరుకుపోయింది. కూర్చున్నప్పుడు ఈ కాస్త రక్తం సరిపోతుంది. మెట్లెక్కితే గుండెకి ఎక్కువ కావాలి, అందదు. అదే మీ నొప్పి."

"పూర్తిగా మూసుకుపోతే?"

"గుండెపోటు. అంతదాకా రాకుండానే వచ్చారు. ఇప్పుడే నాళాన్ని తెరిచి ఉంచే స్టెంటు వేస్తాను."

అరగంటసేపు ఆమె రెప్ప వేయడానికే జంకింది. కళ్లు మూస్తే మళ్లీ తెరవనేమోనని భయం.

మూడో రోజు ఇంటికి పంపుతూ, మాత్రలు ఒక్కపూటైనా మానొద్దన్నారు. తల్లి కూడా ఇలాగే పోయిందని విని, చెల్లెల్నీ పరీక్ష చేయించుకోమన్నారు.

"నాకేం రోగం? గుండ్రాయిలా ఉన్నాను," అంది చెల్లెలు.

"నేనూ అలాగే అనుకున్నానే. నోరు మూసుకుని పద."

వారం తర్వాత పరీక్ష గది బయట బల్లమీద అక్క ఒక్కతే కూర్చుంది. లోపల యంత్రం మీద చెల్లెలు నడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. తను స్టెంటు వేయించుకున్న రోజున కూడా ఇంత భయం వేయలేదు. నడక ఆగిపోయింది. ఎంతకీ తలుపు తెరుచుకోదు.

చివరికి చెల్లెలు మొహం తుడుచుకుంటూ వచ్చింది. "గుండెకి ఢోకా లేదట. రక్తంలో కొవ్వు ఎక్కువుందని మాత్రలిచ్చారు."

అక్క అప్పుడు ఏడ్చింది.