అసిరయ్య చెబితే సరే

“పొద్దస్తమానం ఇంట్లోనే ఉంటావు. సొక్కాకి ఒక్క గుండీ కుట్టడానికి ఏటడ్డొచ్చింది నీకు?” అన్నాడు జేమ్స్.

స్వర్ణ అప్పుడు వెనక గుమ్మం దగ్గర పీట వేసుకుని ఎండు మెత్తళ్ళకు తలలు తుంపుతోంది. చేతుల నిండా చేపల వాసన. పక్కన మూడేళ్ళ కూతురు అమ్మడు అన్నం ముద్ద బుగ్గన పెట్టుకుని, మింగకుండా కూర్చుంది. ఏమడ్డొచ్చిందో చెప్పాలంటే తెల్లారి లేచిన దగ్గర్నుంచీ చెప్పాలి. నీళ్ళు పట్టడం, అత్తగారి కషాయం, రెండు రకాల టిఫిన్లు, గిన్నెలు, బట్టలు. చెప్పినా ఆయన వినేది చివరి మాటే. అందుకని చేతులు కడుక్కుని సూదీ దారం తెచ్చి, ఆయన ఒంటి మీద ఉండగానే గుండీ కుట్టేసింది. దారం కొరకడానికి తల వంచితే, “సేపల కంపు అంటించీకు” అని ఆయన ఒక అడుగు వెనక్కి జరిగాడు.

హుద్‌హుద్ తుఫాను వచ్చిన ఏడాది అది. శ్రీకాకుళంలో అద్దెకు తీసుకున్న మేడమీద ఇల్లు. జేమ్స్ ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా. అత్తగారు జ్ఞానసుందరి వాళ్ళతోనే ఉంటుంది. స్వర్ణది కోటబొమ్మాళి. తండ్రి డేవిడ్‌రాజు మిషన్ బడిలో మేష్టారుగా చేసి రిటైరయ్యాడు. పెళ్ళికి ముందు స్వర్ణ కూడా ఆ ఊళ్ళోనే ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేది. పెళ్ళయ్యాక ఇక్కడా ఎక్కడైనా చెబుతానంటే, “ఆళ్ళిచ్చే జీతం ఆటోలకే సరిపోద్ది” అన్నాడు జేమ్స్. “మరి ఇంటి పనెవలు సేస్తారమ్మా?” అంది అత్తగారు. ఆవిడ కోపంగా కూడా అనలేదు. నిజంగానే తెలియక అడిగినట్టు అడిగింది.

అమ్మడు ఫోను చూపిస్తే గానీ ముద్ద మింగేది కాదు. జేమ్స్ కొత్తది కొనుక్కుని పాత ఫోను ఇంట్లో పడేశాడు. దాన్లో ఓ మధ్యాహ్నం ఏదో కోటల ఆట కనబడింది. గోడలు కట్టాలి, ఫిరంగులు పెట్టాలి, సైన్యాన్ని పోషించాలి, ఎదుటివాడి కోట మీదికి వెళ్ళి ఉన్న కొద్ది నిమిషాల్లో కూల్చి రావాలి. పాప అన్నం తినడం అయిపోయింది. స్వర్ణ మాత్రం ఆ ఫోను కింద పెట్టలేదు.

పేరేమిటని ఆట అడిగితే మొదట తన పేరే పెట్టుకుంది. ఒక్క పూటలోనే ముక్కూ మొహం తెలియని మగాళ్ళు ‘హాయ్ డియర్’, ‘పెళ్ళయిందా’ అంటూ మొదలుపెట్టారు. ఆ పేరు తీసేసి, చిన్నప్పుడు కోటబొమ్మాళి రైలు గేటు దగ్గరుండే అసిరయ్య పేరు పెట్టింది. అసిరయ్య చెయ్యెత్తితే ఎంత పెద్ద బస్సయినా ఆగిపోయేది. ఆ తర్వాత ఇక ఎవరూ హాయ్ అనలేదు.

ఆ ఆటలో నలుగురూ కలిసి జట్టు కట్టేవారు. దాన్ని క్లాన్ అనేవారు. పాతపట్నం వైపు లారీ నడిపే లక్ష్ముడు, కాలేజీ కుర్రాళ్ళు, ఓ మందుల షాపాయన, అందరూ ఈ జిల్లావాళ్ళే, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైపు చేసుకుంటూ పోట్లాడుకునేవాళ్ళు. స్వర్ణ మొదట ఊరికే చూసింది. చూస్తుంటే తెలిసింది, వీళ్ళంతా ముందు గేటు మీదే పడి చస్తున్నారని. ఏ గోడ పగిలితే ఏ ఫిరంగి గుడ్డిదవుతుందో, ఎవర్ని ముందు పంపి ఎవర్ని ఆపుకోవాలో ఆమెకు తేలిగ్గా అందేది. ఒక పొయ్యి మీద పప్పు, ఒక పొయ్యి మీద పులుసు, మధ్యలో పాప స్నానం, అత్తగారి పిలుపు, ఏదీ మాడకుండా ఏదీ చల్లారకుండా రోజూ నడిపే బుర్రే కదా అది. ఆమె చెప్పినట్టు వెళ్ళిన మొదటి యుద్ధం గెలిచారు. తర్వాతిదీ గెలిచారు. నెల తిరక్కుండానే అసిరయ్యను నాయకుణ్ణి చేశారు.

అత్తగారు భోంచేసి నడుం వాల్చిన వేళ స్వర్ణ వంటింటి గట్టు మీద కూర్చుని ఫోను తెరిచేది. “అసిరన్న వచ్చాడు” అని ఎవరో రాసేవారు. అంతవరకూ కొట్టుకుంటున్నవాళ్ళు నోరు మూసుకునేవారు. తను రాస్తే ఆగి చదివేవాళ్ళు, అర్థం కాకపోతే మళ్ళీ అడిగేవాళ్ళు, తప్పు చేస్తే క్షమించమనేవాళ్ళు. పిల్లలకు లెక్కలు చెప్పిన రోజుల తర్వాత అంత హాయి ఆమె ఎరగదు. ఆ మధ్యాహ్నాల్లో ఆమెకు తన ఒళ్ళు తనకే తేలికయినట్టు ఉండేది. సాయంత్రం గిన్నెలు తోముతూ కూడా ఏ కోటో కళ్ళముందు కట్టుకుని, దాన్ని ఎటు నుంచి పడగొట్టాలో ఆలోచించుకుంటూ చిన్నగా నవ్వుకునేది.

ఆ జట్టులోకే ఓ రోజు జేమ్స్ వచ్చాడు. వాళ్ళ ఆఫీసాయన ఎవరో చేర్చాడు. ‘నమస్తే అన్నా, జేమ్స్, శ్రీకాకుళం’ అని రాశాడు. స్వర్ణ బియ్యం కడుగుతున్నది కాస్తా ఆగిపోయింది. సాయంత్రం ఇంటికి రాగానే చెప్పి ఇద్దరం నవ్వుకోవాలనుకుంది, ఆ ముచ్చట ఎలా మొదలుపెట్టాలో కూడా మనసులో కూర్చుకుంది. ఆయన వచ్చాడు. చారులో ఉప్పు తక్కువైంది. “లెక్కల్లో ఫస్టుక్లాసంట. ఉప్పు కొలత మాత్రం తెల్దు” అన్నాడు తల్లితో. తల్లి నవ్వింది. స్వర్ణ ఉప్పు డబ్బా తెచ్చి పెట్టింది. చెప్పాలనుకున్న మాట చెప్పలేదు.

తర్వాత చెప్పడం రోజురోజుకీ కష్టమైంది. జేమ్స్ హాల్లో కూర్చుని ‘అన్నా, నా కోట ఓసారి సూసి సెప్పు’ అని రాసేవాడు. స్వర్ణ గోడకివతల కూర తాలింపు వేసి, ఆ ఫిరంగి ఇటు జరుపు తమ్ముడూ అని రాసేది. అవతల ఆయన గొంతు వినబడేది.

“ఈడి బుర్ర సూడాలమ్మా. ఏ ఊరోడో గానీ, ఇలాటోడి కింద పని సెయ్యాల.”

“బాగా సదువుకున్నోడై ఉంటాడ్రా” అనేది జ్ఞానసుందరి.

వంటింట్లో స్వర్ణ చెవులు వేడెక్కేవి. సిగ్గో సంతోషమో ఆమెకే తెలిసేది కాదు. మొగుడి నోట తనకు దొరికిన మెప్పు అదొక్కటే. గోడ అవతల నుంచి, ఇంకొకరి పేరు మీద దొరికినా, దాచుకోదగ్గదిగానే అనిపించింది.

వానలు పట్టిన రోజుల్లో ఆమెకు విషజ్వరం వచ్చింది. కీళ్ళు పట్టేసి మంచం దిగలేకపోయింది. ఆ రోజు యుద్ధానికి జేమ్స్ రాలేదు. ఏమైందని లక్ష్ముడు అడిగితే జేమ్స్ నాయకుడికి సంజాయిషీ రాసుకున్నాడు. ‘మా ఆవిడ పడుకుంది అన్నా. వంట లేదు. హోటలు నుంచి తెచ్చుకోవాల్సొచ్చింది. ఎప్పుడూ ఏదో ఒకటి.’ స్వర్ణ దుప్పట్లో ముడుచుకుని అది చదివింది. జవాబు రాసింది. ‘ఆట తర్వాత తమ్ముడూ. ముందు కాస్త గంజి కాచి ఆమెకివ్వు. పక్కన కూర్చో.’

‘సరే అన్నా’ అని వచ్చింది జవాబు.

వంటింట్లో గిన్నెలు పడ్డ చప్పుడైంది. నూక ఎక్కడుందని ఆయన తల్లిని అడగడం వినబడింది. కాసేపటికి జేమ్స్ గ్లాసు పట్టుకుని వచ్చాడు. మంచం మీద ఆమె పక్కనే కూర్చున్నాడు. నుదురు మీద చెయ్యి పెట్టి చూశాడు. “తాగు, సల్లారిపోద్ది” అన్నాడు. పెళ్ళయ్యాక ఆయన చేత్తో ఆమెకు ఏదైనా ఇవ్వడం అదే మొదలు. గంజి ఉప్పుకషాయంలా ఉంది. ఆమె మొత్తం తాగింది. కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే, “జొరానికి కళ్ళు మండుతాయిలే” అన్నాడాయన. అంటూనే జేబులోంచి ఫోను తీసి ఏదో టైపు చేశాడు. ఆమె తలగడ కింద పాత ఫోను సద్దు లేకుండా వణికింది. ఆయన వెళ్ళాక తీసి చూసుకుంది. ‘ఇచ్చాను అన్నా. తాగింది.’

ఆ తర్వాత అసిరయ్య ఇంకొన్ని చెప్పాడు. మా ఆవిడ ఉద్యోగం చేస్తుంది తమ్ముడూ, ఇల్లు బాగానే ఉంటుంది అన్నాడు. వారం తిరగలేదు, “నేనో మాట ఆలోసించాను. నువ్వు మళ్ళీ స్కూల్లో సేరు” అన్నాడు జేమ్స్. ఏళ్ళ తరబడి తను బతిమాలిన మాట, ఆయనకు కొత్తగా తట్టినట్టు చెప్పాడు. స్వర్ణ ఇంటికి దగ్గర్లోని స్కూల్లో చేరింది. చర్చిలో పక్కన కూర్చునే బేబీ ఆమె చెయ్యి పట్టుకుని, “మీ ఆయన దేవుడిచ్చిన మనిసి స్వర్ణా. మా ఇంటాయన్ని సూడు” అంది. స్వర్ణ తలూపింది. ఆ ఆదివారం ప్రార్థనలో మనసు నిలవలేదు. తను అడిగితే కానిది అసిరయ్య అడిగితే అవుతోంది. మాటలు తనవే. కోరికా తనదే. మగపేరు ఒక్కటే తేడా. ఆ తేడా లేకపోతే తను మళ్ళీ ఉప్పు కొలత తెలియని మనిషే.

ఆ వేసవిలో కోటబొమ్మాళి నుంచి అమ్మ ఫోను చేసింది. “మీ నాన్నకి ఎడం సెయ్యి లాగేస్తందంట. డాక్టరు సూసినాడు. భయం నేదంటన్నాడు గానీ, మీ నాన్న నిన్ను సూడాలంటన్నాడమ్మా.” స్వర్ణ ఆ సాయంత్రమే జేమ్స్‌తో చెప్పింది, రేపు వెళ్తానంది.

“సూద్దాంలే” అన్నాడాయన టీవీ మీంచి కళ్ళు తీయకుండా.

ఆమె వంటింట్లోకి వెళ్ళింది. ఫోను వణికింది. ‘అన్నా, మా ఆవిడ పుట్టింటికెళ్తానంటంది. ఎండలు. అమ్మకీ ఇబ్బంది. పంపమంటావా?’

గోడకవతల మొగుడు. గోడకివతల తను. తను వెళ్ళొచ్చా లేదా అని ఆయన తననే అడుగుతున్నాడు. ‘పంపు’ అని రాస్తే చాలు, తెల్లారి బస్సెక్కేది. వేలు అక్షరాల మీదికి వెళ్ళింది. ఎందుకో ఆ ఒక్క మాట రాయబుద్ధి కాలేదు. ‘వెళ్ళాల్సిన మనిషి ఆమె కదా తమ్ముడూ. ఆమె చెప్పింది విను’ అని రాసింది.

‘ఆడోళ్ళ మాటేటి ఇంటాం అన్నా. నువ్వు సెప్పు, సాలు.’ పక్కన నవ్వుతున్న బొమ్మ కూడా పెట్టాడు.

పొయ్యి మీద అన్నం అడుగంటింది. స్వర్ణ మంట ఆర్పింది. నాయకత్వం లక్ష్ముడికి ఇచ్చేసింది. మంచి పిల్లలు, జాగ్రత్తగా చూసుకో అని రాసి, జట్టులోంచి బయటికొచ్చేసి, ఆటను ఫోన్లోంచి తీసేసింది. హాల్లో జేమ్స్ “అయ్యో” అన్నాడు. “అసిరన్న ఎల్లిపోనాడమ్మా. ఏటైందో ఏటో.” ఆ రాత్రి ఆయన సరిగ్గా అన్నం తినలేదు. ఆమె కూడా తినలేదు.

చెప్పేవాడు లేకపోవడంతో జేమ్స్ ఏదీ తేల్చలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక అందరం కలిసి వెళ్దామన్నాడు. స్వర్ణ ఊరుకుంది. వాళ్ళు వెళ్ళేసరికి డేవిడ్‌రాజుకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. కూతురి చెయ్యి పట్టుకుని ఏదో అనబోయాడు. పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు. వర్షాకాలం రాకముందే పోయాడు.

చాలాకాలం ఆమె జేమ్స్ మీదే కోపం పెట్టుకుంది. తర్వాత అసిరయ్య మీదికి మళ్ళించుకుంది, ఒక్క మాట రాసి ఉంటే ఏం పోయేదని. చివరికి, స్కూల్లో పిల్లల పేపర్లు దిద్దుతున్న ఒక మధ్యాహ్నం, ఇంకో సంగతి తోచి ఎర్రపెన్ను పక్కన పెట్టేసింది. బస్సుల కాంప్లెక్సుకు ఆటోలో ఎంతసేపు? సొంత జీతం చేతిలో ఉండగా, కాళ్ళు బాగుండగా, నాన్న పిలుస్తుండగా, తను ఎందుకు కూర్చుంది? మగాడి మాట ఉంటేనే ఇంట్లో పని జరుగుతుందని జేమ్స్ ఒక్కడే నమ్మలేదు. అసిరయ్యను వదిలించుకున్నాక, తనను పంపేవాళ్ళెవరూ లేరని స్వర్ణే నమ్మింది.

ఆ ఆటను ఆమె మరిచిపోలేదు. ఆ గోడలు, పథకం పారినప్పుడు లక్ష్ముడు పంపే ఈలల బొమ్మలు తలచుకుంటే ఇప్పటికీ ఒంట్లోకి ఏదో హుషారు వస్తుంది. అంత ప్రేమించింది ఇంకొకటి లేదు. దాని జోలికి మళ్ళీ వెళ్ళాలని మాత్రం లేదు. ఆ కోటలోకి వెళ్తే ఆ వేసవి కూడా లోపలే ఉంటుంది.

కొన్నేళ్ళకు తిత్లీ తుఫాను వచ్చినప్పుడు శ్రీకాకుళంలో కరెంటు పోయి మళ్ళీ వచ్చింది గానీ, కోటబొమ్మాళి వైపు ఫోన్లు కలవలేదు. అక్కడ అమ్మ ఒక్కర్తే ఉంది. జేమ్స్‌కు ఆఫీసు లేదు. తోచక ఫోను తిప్పుతూ, “మా పాత జట్టోళ్ళు మళ్ళీ మొదలెడతన్నారు. నువ్వూ ఆడకూడదా, పొద్దు పోతాది. నీకు నేన్నేర్పుతాను” అన్నాడు.

“వద్దండీ” అంది స్వర్ణ. అప్పటికే సంచిలో కొవ్వొత్తులు, రొట్టె, మందులు, నీళ్ళ సీసాలు సర్దేసింది.

“ఇదేటి, ఎక్కడికి?”

“అమ్మ దగ్గరికి.”

“రోడ్డు మీద సెట్లు పడున్నాయంట. బస్సు ఎందాకా ఎల్తాదో తెల్దు. ఎవలినైనా అడిగితే గానీ...”

“బస్సు ఎందాకా వెళ్తే అందాకా వెళ్తాను. అక్కణ్ణుంచి నడుస్తాను. ఎవర్నీ అడగడం లేదండీ. మీకు చెబుతున్నాను.”

లోపల్నుంచి జ్ఞానసుందరి గుమ్మం దాకా వచ్చి, కొడుకు ఏమంటాడోనని అతని మొహం చూసింది. జేమ్స్ ఫోను పక్కన పెట్టాడు.

“మరి నన్నేటి సెయ్యమంటావు?” అన్నాడు.

స్వర్ణ చెప్పింది. అమ్మడికి ఏం పెట్టాలో, అత్తగారి మాత్రలు ఏ పూట ఏవో, మోటారు ఎప్పుడు వెయ్యాలో, ఎప్పుడొస్తానో తనకే తెలియదని కూడా. ఆయన మధ్యలో ఆపకుండా విన్నాడు. మాత్రల సంగతి మళ్ళీ అడిగి తెలుసుకున్నాడు. ఇంత తేలికా, అనుకుంది ఆమె. గొంతు పెద్దది చేయనక్కర్లేదు, ఏ పేరూ తొడుక్కోనక్కర్లేదు. అంతలోనే ఆ తేలికతనం గుండెలో ముల్లులా దిగింది. నాన్న నోట మాట ఉన్న రోజున కూడా ఇది ఇంత తేలికే అయి ఉండేది. సంచి భుజాన వేసుకుని ఆమె మెట్లు దిగింది.