సలహారావు ఎంచిన కంప్యూటరు

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు గానీ, ఆయన సలహాలు అడగకుండానే వడ్డించేవాడు. అందుకే చుట్టాలంతా అసలు పేరు మరిచిపోయి సలహారావు అని పిలిచేవారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. మొదట్లో కోపం వచ్చేది, తరవాత్తరవాత అదొక పదవిలా అనిపించి తనలో తనే నవ్వుకోవడం మొదలుపెట్టాడు. ఉద్యోగం బీమా ఆఫీసులో. పొద్దస్తమానం ప్రమాదాల గురించి చెప్పి జనాన్ని భయపెట్టడం, ఇంటికొచ్చాక కొత్త ప్రమాదాలు స్వయంగా తయారుచేయడం ఆయన దినచర్య.

చెల్లెలు రక్తపరీక్షల ల్యాబు పెట్టుకున్నప్పుడు, కంప్యూటరు ఏది కొనాలా అని ఆలోచించే అవకాశం ఆమెకు దక్కలేదు. సలహారావు అప్పటికే ఒకటి ఎంచేశాడు. ఏదో ఆఫీసువాళ్లు వాడి వదిలేసిన పెట్టె.

"పాతవాటి గట్టిదనం కొత్తవాటికేది చెల్లీ? రిపోర్టులు కొట్టుకోడానికి ఇది బ్రహ్మాండంగా సరిపోద్ది," అన్నాడు.

ఆమె తలూపింది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషితో నాలుగో కాలి గురించి ఎవరు వాదిస్తారు?

పెట్టె గట్టిదే. ఎత్తితే నడుం పట్టేసేంత గట్టిది. చిక్కల్లా లోపలి ప్రాసెసరుతో వచ్చింది. ప్రాసెసర్లకు ఒక అలవాటు ఉంది. ఇంకా అడగని పనిని కూడా, అడుగుతారేమోనని ఊహించి ముందే చేసి పెట్టుకుంటాయి. వాటి వేగం చాలావరకు అక్కడిదే. ఆ తొందరలో లోపలి రహస్యాలు బయటికి పొక్కే సందు ఒకటి ఉందని ఆలస్యంగా బయటపడింది. కొత్తవాటిలో ఆ సందును చాలావరకు తయారీలోనే పూడ్చారు. పాతవాటికి మాత్రం పైనుంచి సాఫ్ట్‌వేరుతో మాటు వేశారు, మాటు పడితే వేగం తగ్గుతుంది. ఇదంతా చదివినప్పుడు సలహారావుకి ఆ ప్రాసెసరు మీద జాలి కలిగింది. ఎవరూ అడక్కముందే జవాబు సిద్ధం చేసుకుని, నోట్లో నువ్వుగింజ నాననివ్వని ప్రాణిని ఆయన రోజూ అద్దంలో చూస్తూనే ఉన్నాడు.

మాటు పడ్డాక పెట్టె నత్తనడక పట్టింది. ఒక రిపోర్టు తెర మీదికి వచ్చేలోపు చెల్లెలు ఇంకొకరికి సూది గుచ్చి, ట్యూబు మీద పేరు రాసి అంటించి వచ్చేది. ఒక్కమాట అనేది కాదు. ఆ అనకపోవడమే సలహారావుకి ముల్లులా గుచ్చుకునేది. ఒక సెలవు రోజున తాళం అడిగి తీసుకుని, ల్యాబులో ఒక్కడే కూర్చుని ఆ మాటు కాస్తా తీసేశాడు. పెట్టె పరుగందుకుంది.

"భలే బాగుచేశావన్నయ్యా," అంది చెల్లెలు మర్నాడు.

"ఏముంది, దుమ్ము దులిపాను," అన్నాడు. నువ్వుగింజ ఆ ఒక్కసారికీ శుభ్రంగా నానింది.

ఈలోగా పెద్దాసుపత్రివాళ్లు కొన్ని పరీక్షలు బయటి ల్యాబుకి ఇవ్వాలనుకున్నారు. ముందుగా చెల్లెలి ల్యాబునే అడిగారు. ఆ పని దక్కితే ల్యాబు నిలబడుతుంది. దక్కకపోతే గది ఖాళీచేసి, మళ్లీ ఎవరి దగ్గరో జీతానికి చేరాల్సిందే. ఫలితాలు నేరుగా ఆసుపత్రి కంప్యూటర్లలోకి వెళ్లాలి గనక, ఇక్కడి కంప్యూటరు భద్రంగా ఉందో లేదో వాళ్ల మనిషి వచ్చి చూస్తుందన్నారు.

కళ్లజోడు పెట్టుకున్న ఒకావిడ వచ్చింది. సలహారావు సెలవు పెట్టి మరీ వచ్చి కుర్చీ వేశాడు. ఆవిడ కంప్యూటర్లో ఏదో పరీక్ష నడిపింది. తెర నిండా ఎర్రటి వరసలు వచ్చాయి.

"దీని రక్షణ ఆపేసి ఉందండీ," అంది.

"ఏదో అప్‌డేట్‌లో పోయుంటుందండీ," అన్నాడు సలహారావు.

"అలా పోదండీ. ఎవరో పనిగట్టుకుని ఆపితేనే ఆగుతుంది."

"నాకు రిపోర్టులు కొట్టడం తప్ప ఇంకేం రాదండీ," అంది చెల్లెలు.

గదిలో ఇక మిగిలింది ఒక్కడే. ఆ ఒక్కడు తేలుకుట్టిన దొంగలా కాసేపు ఫ్యాను వైపు చూశాడు.

"నేనే ఆపానండీ, నెమ్మదిగా ఉందని," అన్నాడు చివరికి.

"చాలామంది చేస్తారండీ. కానీ రోగుల వివరాలున్నచోట కుదరదు," అని ఆవిడ రక్షణ తిరిగి పెట్టి, ఉత్తుత్తి ఫలితం ఒకటి ఆసుపత్రికి పంపి చూసింది. పెట్టె మూలిగింది. అవతల ఎదురుచూసి ఎదురుచూసి కనెక్షను తెగింది. మళ్లీ పంపింది, మళ్లీ తెగింది. రక్షణ తీస్తే ఒప్పుకోరు, పెడితే పని జరగదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి, మధ్యలో చెల్లెలు.

"సాయంత్రం ఇటే వస్తాను. ఈలోపు వేరేది పెట్టగలిగితే చూస్తానండీ. లేకపోతే ఇంకో ల్యాబు చూసుకోవాలి," అని చెప్పి ఆవిడ వెళ్లిపోయింది.

సలహారావు ఒక సలహా కోసం లోపలంతా వెతుక్కున్నాడు. దొరకలేదు.

"నువ్వు పడే ఇబ్బంది చూడలేక చేశానమ్మా," అన్నాడు.

"నాకేం ఇబ్బందన్నయ్యా? నెమ్మదని నేనెప్పుడన్నా అన్నానా?"

అనలేదు. ఆయన చూడలేకపోయింది చెల్లెలి ఇబ్బందిని కాదు, తన ఎంపిక నలుగురి ముందూ నీరసపడటాన్ని. అది తట్టేసరికి నిజంగానే సిగ్గేసింది.

"మీ ఇంట్లో నువ్వు వాడేది ఎలాంటిది?" అని అడిగింది ఆమె. దెప్పడానికి కాదు, సాయంత్రానికి పనికొస్తుందేమోనని.

"పోయినేడు కొన్నాను."

"కొత్తదా?"

పాటలు వినడానికీ, పేపరు చదవడానికీ, చుట్టాలకు సలహాలు రాయడానికీ కొనుక్కున్న పెట్టె అది. "కొత్తదే," అన్నాడు.

చెల్లెలు ఆయన మొహంలోకి చూసింది. తిడితే బావుణ్ణనుకున్నాడు. ఆమె తిట్టలేదు. ట్యూబుల స్టాండు పక్కకి జరిపి టేబులు ఖాళీ చేయడం మొదలుపెట్టింది.

సాయంత్రానికి సలహారావు తన పెట్టెను మోసుకొచ్చి, పాటలన్నీ చెరిపి, ల్యాబు సాఫ్ట్‌వేరు ఎక్కించి పెట్టాడు. కళ్లజోడావిడ వచ్చి పరీక్షించింది. రక్షణ ఉండగానే ఫలితం చిటికెలో అవతలికి చేరింది.

"మంచిది ఎంచారు. ఎవరండీ?" అంది ఆవిడ సంతకం పెడుతూ.

"మా అన్నయ్యేనండీ," అంది చెల్లెలు. "తనకోసం ఎంచుకున్నాడు."