ఎద్దులబండి దిగిన రాజు

ముసుగు కింద లాంటిల్డా ఆరేళ్ళుగా జుట్టు పెంచుతోందని మఠంలో ఎవరికీ తెలియదు. సన్యాసినులంతా తల కత్తిరించుకునే రోజున ఆమెకి జ్వరమొచ్చేది, లేదా నెత్తిమీద కురుపులు లేచేవి. ఎందుకలా చేస్తోందో ఆమెకే సరిగ్గా తెలియదు. తమ్ముడు సిగిమేర్‌కి గుండు చేసిన రోజున మొదలైందా పిచ్చి.

ఫ్రాంకుల పాత రాజవంశం వాళ్ళది. ఆ ఇంట్లో మగవాడికి పుట్టిన నాటి జుట్టే కిరీటం. కత్తెర తగిలిందా, ఇక వాడు రాజు కాడు. పేరుకి రాజులే గాని, మూడు తరాలుగా రాజమందిరం తాళాలూ, ఖజానా, సైన్యం రాజు పేరున ఏలే పెత్తందారు చేతిలోనే ఉండేవి. ఏడాదికోసారి రాజుని ఎద్దులబండి ఎక్కించి మే నెల సభకి తెచ్చి, జనానికి చూపించి, మళ్ళీ పంపేసేవాళ్ళు. చివరికి ఆ తతంగమూ దండగనుకున్నాడు పెత్తందారు. ముసలి రాజునీ, రాజు అన్న కొడుకు సిగిమేర్‌నీ గొరిగించి మఠాల్లో పడేసి, కిరీటం తానే పెట్టుకున్నాడు. ముసలి రాజు ఆ మఠంలోనే కన్నుమూశాడు.

ఈ చలికాలం వేటలో అడవిపంది కుమ్మి పెత్తందారూ పోయాడు. కొడుకు పాలుతాగే పసివాడు. ఆ పసివాణ్ణి అన్సోల్డ్ ప్రభువు ఎత్తుకుపోయి, వాడి పేరుమీద తానే పెత్తనం మొదలుపెట్టాడు. ఉట్టి చేతులతో మిగిలిన వారిన్ ప్రభువుకి అప్పుడు గుర్తొచ్చింది పాత వంశం.

సిగిమేర్‌ని మఠంలోంచి తప్పించి, సభలో రాజుగా నిలబెట్టాలని వెంటబెట్టుకుని వెళ్తూ దారిలో అతను అక్క మఠానికొచ్చాడు. లాంటిల్డా తమ్ముణ్ణి తేరిపార చూసింది. గడ్డం మాసి, భుజాలు వంగి, నెత్తిన బెత్తెడైనా లేని జుట్టుతో నిలబడ్డాడు.

"ఈ తలకాయ చూపిస్తే మనల్ని రాళ్ళుచ్చుకు కొడతారమ్మగారూ," అన్నాడు వారిన్. "సభ వాయిదా వెయ్యడం నా చేతిలో లేదు."

ఆమె ముసుగు తీసింది. తుప్పురంగు జుట్టు నడుం దాకా జారింది. వారిన్ నోరు తెరిచేశాడు.

"అక్కా! ఇదేమిటే?" అన్నాడు సిగిమేర్.

"నీ రంగేగా. కోసి నారటోపీకి కుట్టేస్తాను. తల వంచకు, గాలికి ఎదురు తిరగకు."

"కనిపెడితే?"

"రాజు జుట్టు ముట్టుకునే మగాడెవడ్రా సభలో?"

ఆ మాట తమ్ముడికి ధైర్యం చెప్పడానికి అన్నదే. ముట్టుకున్న మగాడు ఒకడున్నాడు. ఆనాడు కత్తెర పట్టినవాడు అన్సోల్డే.

సభ రోజు పొద్దున్న మ్యూజ్ నది ఒడ్డున మైదానమంతా ఈటెలే. ఎద్దులబండిలో తమ్ముడి పక్కన కూర్చుంది లాంటిల్డా. బండి చుట్టూ వారిన్ మనుషులు. ముసలి యోధులు కొందరు జుట్టు చూసి గుండెలమీద సిలువ గీసుకున్నారు. ఒకడు ఏడ్చేశాడు కూడా. సగం మైదానం దాటేసరికి ఆమెకి ఊపిరాడింది.

అప్పుడే గుర్రమ్మీద ఎదురొచ్చి బండికి అడ్డం నిలబడ్డాడు అన్సోల్డ్.

"ఆహా, ఏం జుట్టు! మఠంలో దీనికేం ఎరువు వేశారయ్యా?" అన్నాడు గట్టిగా. అతని మనుషులు విరగబడి నవ్వారు. "నా చేత్తో నున్నగా గొరిగిన తల అది. ఒక్కసారి లాగి చూస్తే తప్పేముంది?"

గుర్రం దిగి బండి వైపు నడిచాడు. వారిన్ కదల్లేదు. అతని కళ్ళు అప్పుడే పారిపోయే దారి వెతుకుతున్నాయి. లాంటిల్డా తమ్ముడి చెయ్యి పట్టుకుంది. అతను మెల్లగా విడిపించుకుని లేచి నిలబడ్డాడు.

తానే టోపీ తీసేశాడు.

వెనకున్నవాళ్ళు చూడ్డానికి మునికాళ్ళమీద లేచారు.

"ఇది మా అక్క జుట్టు," అన్నాడు. గొంతు మొదట కీచుగా వచ్చింది, తర్వాత నిలదొక్కుకుంది. "నాది ఇదిగో, ఇంతే. వీడు కోశాడు, మళ్ళీ మొలిచింది. రేపు కోసినా మొలుస్తుంది. మొలవకుండా ఆపాలంటే మెడ కొయ్యాలి." బండి దిగి, అన్సోల్డ్ ముందు గడ్డిలో మోకరించాడు. "నా దగ్గర చాకు కూడా లేదు. కానియ్యి, మరి."

అన్సోల్డ్ కత్తి సగం దూశాడు. బండి అంచుని పట్టుకున్న లాంటిల్డా గోళ్ళలో చెక్క ముళ్ళు దిగినా ఆమెకి తెలియలేదు.

"సభలోనా?" అని అరిచాడు ఒక ఒంటికన్ను ముసలాడు. అతను అన్సోల్డ్ పక్షంవాడే. "మోకరించినవాణ్ణా? సిగ్గుందా నీకు?"

అన్సోల్డ్ వెనక్కి చూశాడు. నవ్విన మనుషుల్లో ఇప్పుడొక్కడూ నవ్వడం లేదు. ముసలాడు ఇతనే మా రాజన్నట్టు ఈటెతో డాలుమీద కొట్టాడు. పక్కవాడు కొట్టాడు. ఆ చప్పుడు మైదానమంతా పాకి, ఎద్దులు బెదిరి బండిని లాక్కుపోబోయాయి. అన్సోల్డ్ కత్తి ఒరలో తోసి, గుర్రమెక్కి, ఎవరూ ఆపకముందే ఏరు దాటేశాడు.

కొత్త రాజుకి చేసే ఆచారం ప్రకారం సిగిమేర్‌ని డాలుమీద ఎత్తి మైదానమంతా తిప్పారు. దింపగానే వారిన్ పరుగున వచ్చి చేతులు ముద్దుపెట్టుకున్నాడు.

"ప్రభూ, తమరిక బండిలో విశ్రాంతి తీసుకోండి. మందిరం తాళాలు, సైన్యం సంగతి నేను చూసుకుంటాను. తమరికెందుకా తలనొప్పులు?"

లాంటిల్డా ఒళ్ళు జలదరించింది. ఈ తియ్యటి మాటలే తాతల కాలం నుంచి తమ ఇంటిని తినేశాయి. బండి చుట్టూ ఉన్నవన్నీ వారిన్ ఈటెలే. కాదంటే రాత్రికి బతకనిస్తాడా? అవునంటే బతికి లాభమేమిటి?

సిగిమేర్ ఎద్దుల వైపు చూశాడు, తర్వాత వారిన్ నల్లగుర్రం వైపు.

"నీ గుర్రం ఇయ్యి."

"ప్రభూ?"

"బండిలో నువ్వు రా. అలిసిపోయావు పాపం. తాళాలు నేనే తీసుకుంటాను. ముందు నడిచే సైన్యం ఆ ఒంటికన్ను పెద్దాయనది."

వారిన్ మొహం ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది. చెయ్యి నడుం దగ్గరి కత్తిమీదికి పోయింది. ముసలాడు వినీ విననట్టు తన మనుషులతో ఒకడుగు ముందుకేశాడు. చివరికి వారిన్ కళ్ళెం అందించాడు.

ఆ వారంలోనే రాజమందిరం తలుపులు తెరుచుకున్నాయి. అన్సోల్డ్ కొండలు దాటి పోయాడు. పెత్తందారు అనే పదవి ఆ రాజ్యంలో మళ్ళీ ఎవరికీ ఇవ్వలేదు. పసివాణ్ణి తల్లికి అప్పగించారు.

అవన్నీ తర్వాత. ఆ పొద్దున మాత్రం మైదానం దాటి విల్లో చెట్ల చాటుకి రాగానే కొత్త రాజు గుర్రం దిగి, వంగి, భళ్ళున వాంతి చేసుకున్నాడు. లాంటిల్డా పరుగున వచ్చి నుదురు పట్టుకుంది.

"అక్కా, వాడు గుర్రం ఇవ్వకపోయుంటే?"

"ఇచ్చాడుగా. నోరు కడుక్కో, అందరూ వస్తున్నారు."