గంటల్లో గడ్డి

నీవెస్ దిండుకి గలీబు తొడుగుతుండగా ఫుల్వియా గుమ్మంలోంచి తల లోపలికి పెట్టింది. మిలన్ నుంచి సెలవులకి వచ్చిన ఆవిడ, ఆ గదిలోనే దిగింది. "అయ్యో, నాకోసం తొందరపడకండి. నిదానంగా కానివ్వండి. మీ ఊళ్ళో నాకు నచ్చిందే అది, ఎవరికీ ఏ తొందరా ఉండదు" అంది.

తొందర లేకపోవడమే ఆ ఇంటి వ్యాపారం. నీవెస్ మొగుడు ఎర్మానో అతిథులకి అమ్మేది దాన్నే. గదుల్లో గడియారాలు తీయించేశాడు. "కాలం సంగతి మర్చిపోండి, కొండల్ని చూస్తూ కూర్చోండి" అంటాడు వచ్చినవాళ్ళతో. గోడల మీంచి దిగిన ఆ గడియారాలన్నీ వచ్చి నీవెస్ ఒంట్లో కూర్చున్నాయి. పాలు పితికే వేళ, రొట్టె పొయ్యిలోంచి తీసే వేళ, కొండ దారుల్లో నడవడానికి వెళ్ళేవాళ్ళకి తిండి మూటలు కట్టే వేళ, దుప్పట్లు ఆరేసే వేళ. అతిథులు నిదానంగా నడవాలంటే ఎవరో ఒకరు పరిగెత్తాలి. ఆ ఒకరెవరో ఎర్మానో ఎవరికీ చెప్పడు.

"రేపటికోసం చిన్నపిల్లలా ఎదురుచూస్తున్నాననుకోండి. ఆవులు కిరీటాలు పెట్టుకుని కొండ దిగుతాయట కదా. ఈ ఏడు పూలు ఇంకా ఎక్కువ పెట్టిస్తున్నానని మీవారు చెప్పారు."

నీవెస్ చేతిలో దిండు అలాగే ఉండిపోయింది. "పూలా?"

"పూలే. వాటికోసమే కదా ఇంతమందిమి వచ్చింది."

నీవెస్ నవ్వు ముఖం పెట్టుకుని, మాసిన దుప్పట్లు ఎత్తుకుని బయటికి వచ్చింది. సగం మెట్లు దిగి, అక్కడే కూర్చుండిపోయింది.

ఆ లోయలో వేసవంతా ఆవులు కొండ మీది పచ్చికల్లో మేస్తాయి. చలి మొదలవగానే వాటిని కిందికి దించుతారు. ఆ రోజు కొమ్ములకి దేవదారు రెమ్మలతో, కాగితం పూలతో కట్టిన కిరీటాలు, మెడలో పెద్ద గంటలు. అయితే ఆ వేసవిలో ఇంటి మనిషెవరైనా పోతే పూలుండవు. గంటల్లో గడ్డి కుక్కి, చప్పుడు కాకుండా దించుతారు. ఫలానా ఇంట్లో చావు జరిగిందని ఎవరూ నోరు విప్పి చెప్పక్కర్లేదు. బోసి ఆవులు వస్తుంటే మగవాళ్ళు టోపీలు తీసి నిలబడతారు. చావింట్లో పొయ్యి వెలిగించరు. ఇరుగుపొరుగు వాళ్ళు సూప్ కాచి తెచ్చి, పోయినవాళ్ళకి అందరికంటే దగ్గరి మనిషి ఒళ్ళో పెడతారు.

నీవెస్ వాళ్ళమ్మ ఒత్తీలియా జూలైలో పోయింది. ఇప్పుడు ఫుల్వియా పడుకుంటున్న మంచం మీదే.

ఆ పొద్దున ఇల్లంతా అతిథులే. ముందు వరండాలో ఎండ కాగుతూ కాఫీకోసం చూస్తున్నారు. ఎర్మానో భార్య భుజం మీద చెయ్యేశాడు. "నీ బాధ నాకు తెలీదా? కానీ వాళ్ళు సెలవులకొచ్చారు. శవపేటిక కళ్ళబడితే సాయంత్రానికి ఇల్లు ఖాళీ. వెనక తలుపులోంచి తీసుకెళ్దాం. మీ ఊళ్ళోనే పూడుద్దాం. ఇక్కడ ఊళ్ళో ఇప్పుడే ఏమీ చెప్పొద్దు. ఆవులు దిగేటప్పుడు పూలు పెట్టం. గంటల్లో గడ్డి కుక్కుదాం. అప్పుడు లోయ లోయంతా మీ అమ్మకి టోపీ తీస్తుంది. మాటిస్తున్నా" అన్నాడు. నీవెస్ ఆ మాట పట్టుకుంది. చక్రాల్లాంటి పెద్ద చీజ్ దిమ్మలు దించుకునే వెనక తలుపులోంచి వాళ్ళమ్మని మోసుకెళ్తుంటే, తను ముందు వరండాలో కాఫీలు పోస్తోంది. ఒకాయన చక్కెర చాలలేదన్నాడు. వెళ్ళి తెచ్చిచ్చింది. పక్కింటి డెల్ఫీనాకి కూడా చెప్పలేదు. డెల్ఫీనా ఒత్తీలియాతో కంచె దగ్గర కూర్చుని బంగాళాదుంపలు చెక్కుతూ ఏళ్ళు గడిపిన మనిషి. తర్వాతెప్పుడో వేరేవాళ్ళ నోట విని, "నాతో ఒక్క మాట అనలేకపోయావా?" అని అడిగింది. అంతే, కంచె దగ్గరికి రావడం మానేసింది. సూప్ తేలేదు. ఇల్లే దాచిపెట్టిన చావుకి సూప్ ఎవరు తెస్తారు?

ఎర్మానో వంటింట్లో వాళ్ళమ్మ జెమ్మాకి ఎదురుగా కూర్చుని వైన్ తాగుతున్నాడు. నీవెస్ పొయ్యి మీది రాగి గిన్నెలో మొక్కజొన్న పిండి పొలెంటా కలుపుతూ, వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"ఆవులకి పూలు పెట్టిస్తున్నావంట."

"ఆవులు దిగేది చూద్దామనే కదా జనం ఎప్పట్నుంచో గదులు చెప్పుకుంది. బోసి ఆవుల్ని చూపిస్తే ఏం బాగుంటుంది చెప్పు?"

"మాటిచ్చావు."

"ఇచ్చా. నువ్వట్లా ఏడుస్తుంటే ఏదో ఒకటి అనాలి కదా మరి." గొంతులో విసుగైనా లేదు. అరువడిగిన గొడ్డలి తిరిగిచ్చేసినంత తేలిగ్గా అన్నాడు. "అయినా ఆ ఆచారం ఇంటి మనిషికి. మీ అమ్మ మన దగ్గర ఉండేది, అంతే."

జెమ్మా అందుకుంది. "ఒత్తీలియా మంచిదే అమ్మాయ్, కాదన్నదెవరు? కానీ ఈ గడప తొక్కి కోడలిగా వచ్చింది నువ్వు, ఆవిడ కాదు. రేపు నేను పోతే గంటల్లో గడ్డి పెడతారు. నేనూ ఆవిడా ఒకటేనా?"

పొలెంటా అడుగంటుతోంది. నీవెస్ ఇంకా గట్టిగా తిప్పింది. ఇంటి మనిషి అంటే ఎవరు? తెల్లవారకముందే లేచి పాలు కాచినావిడా, కాచిన పాలు తాగినావిడా? అతిథులు రెండో ముక్క అడిగి మరీ తినే ఆపిల్ రొట్టెని ఎర్మానో 'మా అమ్మ చేతి రొట్టె' అని చెప్పుకుంటాడు. ఆ పిండి పిసికింది, ఆపిళ్ళు తరిగింది ఒత్తీలియా. జెమ్మా దాని పైన చక్కెర పొడి చల్లేది, అదీ ఎవరైనా ఫొటో తీసేటప్పుడు. నీవెస్ ఉడికిపోతుంటే వాళ్ళమ్మే ఆపేది. "పేరుతో నాకేం పనే, తిన్నవాళ్ళు బాగుందన్నారుగా" అనేది. ఆ మాటకి నవ్వొచ్చేది అప్పట్లో. ఇప్పుడు రావడం లేదు. చాకిరీకి ఇంటి మనిషి, చావుకి పరాయి మనిషి. ఏదో ఒకటి అనాలని అన్నాడట. ఆ ఏదో ఒకటిని గుండెకి కట్టుకుని ఇన్నాళ్ళు నోరెత్తకుండా ఎదురుచూసింది తను. అబద్ధం చెప్పినందుకు కాదు, ఆ అబద్ధంతో తనచేత కాఫీ పోయించినందుకు ఆమె అతన్ని క్షమించలేకపోయింది.

"సాయంత్రానికి కిరీటాలు కట్టెయ్. నీ చేతికొచ్చినట్టు ఇంకెవరికీ రాదు" అన్నాడు ఎర్మానో లేస్తూ. అతని మెచ్చుకోలు వెనక ఎప్పుడూ ఒక పని ఉంటుంది.

మధ్యాహ్నం నీవెస్ అటక మీంచి పూల పెట్టె దించింది. మూత తీస్తే ఎర్రవీ పసుపువీ గులాబీలు, అంచులు సన్నగా ముడిచినవి. నిరుడు చలికాలం పొయ్యి పక్కన కూర్చుని ఒత్తీలియా మడిచినవే అన్నీ. ఈ ఇంట్లో ఎవరూ పోలేదని ఊరంతా చాటబోయే పూలని పాపం తనే చేసిపెట్టి వెళ్ళింది. నీవెస్ వాటిని ఒళ్ళో పోసుకుని ఏడ్చింది. జూలైలో సగంలో మింగిన ఏడుపు కూడా అప్పుడే వచ్చింది. తర్వాత ముక్కు చీది, రెమ్మలు తెచ్చుకుని, కిరీటాలన్నీ కట్టింది. ఒక్క పువ్వు కూడా వంకర పోకుండా కట్టింది. ఎర్మానో అటు వచ్చి చూసి, "చూశావా, కోపం ఎంతసేపుంటుంది" అని వెళ్ళిపోయాడు.

తెల్లారగానే ఆమె ఆ కిరీటాల్ని వీపు బుట్టలో కాకుండా చేతుల మీద పెట్టుకుని ఇంటి వెనక్కి మోసింది. చీజ్ తలుపుకి మేకులు కొట్టి వరసగా తగిలించింది. తలుపు కనిపించలేదు, పూలే కనిపించాయి. అమ్మ వెళ్ళిన దారి అది. ఒక్క పువ్వు కూడా లేకుండా వెళ్ళింది. నీవెస్ ఖాళీ బుట్ట వీపుకి తగిలించుకుని కొండెక్కింది.

మందని కాసే ముసలి బేపి బుట్టలోకి తొంగి చూశాడు. "పూలేవమ్మా?"

"లేవు."

"ఎర్మానోకి తెలుసా?"

"కిందికెళ్ళాక తెలుస్తుంది."

 బేపి కొట్టం లోంచి గడ్డి చేతినిండా లాక్కొచ్చి గంటల్లో కుక్కడం మొదలుపెట్టాడు. "మోరా గంట నువ్వు చూడు. మీ అమ్మ వస్తే తప్ప పాలివ్వని మొండిది అది" అన్నాడు.

ముందు మోరా, వెనక మిగతా మంద. గిట్టల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఊరి మొదట్లో ఎర్మానో ఈక పెట్టిన టోపీ, కుట్టుపని చొక్కా వేసుకుని అతిథుల ముందు నిలబడి ఉన్నాడు. ఫోన్లు పైకెత్తి పట్టుకున్నవాళ్ళు నాలుగు చప్పట్లు కొట్టి, పూలు కనబడక ఆపేశారు. ఊరివాళ్ళకి మాత్రం ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. రొట్టెల కొట్టతను టోపీ తీశాడు. అతని పక్కనున్నవాళ్ళు తీశారు. బెంచీ మీది ముసలాళ్ళు లేచి నిలబడ్డారు. చుట్టూ అందరి తలలూ బోసిగా కనిపించేసరికి ఎర్మానో చెయ్యి కూడా తనంతట తనే పైకి వెళ్ళి, ఈక టోపీ దించింది.

"ఏమిటిది? పూలేవి?" అన్నాడు పళ్ళ మధ్యనుంచి.

"వెనక తలుపుకున్నాయి."

ఫుల్వియా కంగారుగా దగ్గరికొచ్చింది. "ఏమైంది? ఎవరైనా పోయారా?"

ఎర్మానో నోరు తెరిచేలోపే నీవెస్ చెప్పింది. "మా అమ్మ. జూలైలో. మీరు పడుకుంటున్న మంచం మీద."

ఫుల్వియా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎర్మానో భార్య మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు. "సరే, నీ పంతం నెగ్గింది. పరువు తీశావు. ఇంక పోయి భోజనాల సంగతి చూడు, అందరూ ఆకలి మీదున్నారు."

"చావిల్లు, ఎర్మానో. ఇవాళ పొయ్యి వెలగదు."

ఆవుల్ని కొట్టంలో కట్టేసి, నీవెస్ ముందు వరండాలోకి వెళ్ళింది. అతిథుల కోసం వేసిన కుర్చీలో, బురద బూట్లతోనే కూర్చుంది. ఆ కుర్చీ ఎన్నిసార్లు తుడిచిందో గానీ అందులో కూర్చోవడం అదే మొదలు. కూర్చోవడమైతే కూర్చుంది, కళ్ళు మాత్రం గేటు మీదే ఉన్నాయి. ఎవరూ రాకపోతే? ఊరు కూడా ఎర్మానో మాటే అంటే? అమ్మ 'మన దగ్గర ఉండేది, అంతే' అన్న మనిషి కింద మిగిలిపోతుంది.

గేటు చప్పుడైంది. డెల్ఫీనా వస్తోంది, గుడ్డ కప్పిన గిన్నె రెండు చేతుల్తో పట్టుకుని. రోడ్డు మీద ఊరంతా చూస్తోంది. ఎర్మానో ఒక్క అంగలో ఎదురెళ్ళి, ముఖం దిగాలుగా పెట్టి, చేతులు చాచాడు. "ఇటివ్వు డెల్ఫీనా. కష్టంలో గుర్తుపెట్టుకున్నావు."

డెల్ఫీనా ఆగింది. "నీకెవరు పోయారు ఎర్మానో?" అని అడిగింది.

జవాబు కోసం చూడకుండా అతన్ని దాటుకుని వచ్చి, గిన్నె నీవెస్ ఒళ్ళో పెట్టింది. పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. సూప్ ఇంకా పొగలు కక్కుతోంది. లోపల ఎవరో భోజనం ఎప్పుడని అడుగుతున్నారు. నీవెస్ చెంచా తీసుకుని, నిదానంగా తినడం మొదలుపెట్టింది.